పేరూ ఎక్స్‌టెన్షనూ లేని డీబేస్ మెమో ఫైల్‌ని గుర్తుపట్టడం ఎలా?

మా ఊరి గ్రంథాలయం పాత ఫ్లాపీల్లోంచి తీసిన ఫైళ్లివి. రికవరీలో పేర్లన్నీ పోయాయి, ఎక్స్‌టెన్షన్లు అసలే లేవు. హెక్స్ ఎడిటర్‌లో మొదటి బైట్లు చూసి వేరుచేస్తున్నాను. డి0 సిఎఫ్ 11 ఇ0తో మొదలయ్యేవి పాత వర్డ్, ఎక్సెల్ బాపతు. లోపలి స్ట్రీమ్ పేర్లు చూస్తే ఏది ఏదో తేలిపోతోంది, వాటితో పేచీ లేదు.

చిక్కంతా డీబేస్ 3 అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లతోనే. ఒక ఫైల్ 83 5ఎఫ్ 0బి 14 అని మొదలవుతుంది. 83 అంటే మెమో (పొడవాటి రాత) ఉన్న డీబీఎఫ్, అంటే డీబేస్ పట్టిక ఫైల్. తర్వాతి మూడూ చివరిసారి మార్చిన తేదీ: దశాంశంలో 95, 11, 20, అంటే 1995 నవంబర్ 20. ఫీల్డ్ పేర్లూ శుభ్రంగా కనబడుతున్నాయి. కానీ మెమో ఫీల్డ్‌లో ఉండేది బ్లాక్ నంబరే, అసలు రాత డీబీటీ అనే విడి మెమో ఫైల్‌లో ఉంటుంది. దానికేమో చెప్పుకోదగ్గ సంతకమే (ఫైల్ రకాన్ని పట్టించే మొదటి బైట్లు) లేదు! మొదటి 4 బైట్లు తర్వాతి ఖాళీ బ్లాక్ నంబర్, అంతే.

512 బైట్లకో బ్లాక్, మెమో చివర 1ఏ 1ఏ. ఈ ఆనవాళ్లతో వెతికితే కొన్ని ఫైళ్లు తేలాయి. వాటిలో ఈ డీబీఎఫ్‌కి జత ఏదో ఎలా తేల్చాలి? డీబీఎఫ్‌లోని అతిపెద్ద బ్లాక్ నంబర్‌ని ఆ ఖాళీ బ్లాక్ నంబర్‌తో పోల్చి చూద్దామనుకుంటున్నాను. ఇంతకన్నా గట్టి పద్ధతి ఉందా?

ఇంకొకటి. రాతలో ఎక్కువ బైట్లు 161 పైనే ఉన్నాయి. కంప్యూటర్‌లో భారతీయ లిపుల కోసం జిస్ట్ కార్డులు పెట్టుకున్న కాలం కదా, ఇస్కీ (భారతీయ లిపుల పాత కోడ్) అయ్యుండాలి. అందులో తెలుగుకీ హిందీకీ కోడ్ ఒకటే కాబట్టి, లిపిని సూచించే కోడ్ విడిగా లేకపోతే బైట్లు చూసి లిపి చెప్పలేం. యూనికోడ్‌లోకి మార్చే నమ్మకమైన స్క్రిప్ట్ ఎవరైనా వాడుంటే చెప్పండి, ముఖ్యంగా వత్తులు చెదరకుండా వచ్చేది.