వాట్సాప్ చాట్‌కు సెక్షన్ 63 సర్టిఫికెట్: పార్ట్ బీ మీద సంతకం ఎవరు పెట్టాలి?

గుంటూరు జూనియర్: పొద్దుట్నుంచీ ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. బాకీ దావా, ప్రోనోటు లేదు, ఉన్నదల్లా వాట్సాప్ చాట్. "పంట డబ్బు రాగానే సర్దేస్తా" అని ప్రతివాదే రాశాడు. స్క్రీన్‌షాట్ల ప్రింట్లు సాక్ష్యంగా మార్క్ చేయిద్దామంటే, ఎలక్ట్రానిక్ రికార్డుకు ఉండాల్సిన ధ్రువీకరణ సర్టిఫికెట్ లేదని అవతలి లాయర్ అబ్జెక్షన్. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, 63(4) చూస్తే సర్టిఫికెట్‌లో పార్ట్ ఏ మనం నింపాలి, పార్ట్ బీ నిపుణుడు నింపాలి. ఆ నిపుణుడు ఎవరో అందులో లేదు. సెల్ షాపు కుర్రాడు పెడితే చెల్లుతుందా? ఎల్లుండే వాయిదా.

హ్యాష్ మాస్టారు: నిపుణుడి సంగతి తర్వాత, ముందు హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్, తీశారా తమ్ముడూ? చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ 256 పద్ధతిలో హ్యాష్ తీయండి. ఒక్క అక్షరం మారినా విలువ మొత్తం మారిపోతుంది, కొత్త నమూనాలో దానికి ప్రత్యేకంగా గడి పెట్టింది అందుకే. మన బార్‌లో దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు అదే బాధ.

పాత ప్లీడర్: దావా ఏ సంవత్సరం?

సాక్ష్యం సుబ్బు: సర్టిఫికెట్ ఎందుకండీ అసలు? సెక్షన్ 57 వివరణ చదవండి, సరైన కస్టడీ నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్ రికార్డు ప్రాథమిక సాక్ష్యమే, అంటే నకలు కాదు, అసలు కిందే లెక్క.

హ్యాష్ మాస్టారు: వివాదం లేకపోతేనే అని కూడా అక్కడే ఉంది. ఇక్కడ అవతలివాళ్లు కాదంటున్నారుగా. పైగా ప్రింటు ప్రాథమికం ఎలా అవుతుంది? ఫోన్ అయితే అవుతుంది.

సాక్ష్యం సుబ్బు: అలాగైతే 57, 63 రెండూ ఒకదానికొకటి పొసగవు. రాసినవాళ్లు ఆలోచించాల్సింది.

గుంటూరు జూనియర్: దావా 2022 సార్. ఫోన్ మా క్లయింట్ దగ్గరే ఉంది.

పాత ప్లీడర్: అది ముందు చెప్పాలి కదా. కొత్త చట్టం 2024 జులై 1 నుంచి. అప్పటికే పెండింగ్‌లో ఉన్నవి పాత ఎవిడెన్స్ యాక్ట్ కిందే నడుస్తాయని సెక్షన్ 170 చెబుతోంది. కాబట్టి మీకు పార్ట్ బీ గొడవే లేదు, ఆ పాత చట్టంలోని 65బి(4) సర్టిఫికెట్ చాలు, ఆ ఫోన్ వాడే మీ క్లయింటే సంతకం పెట్టొచ్చు. 2020 సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావు తీర్పు పూర్తిగా చదవండి, పైన ఇచ్చే సారాంశం (హెడ్‌నోట్) కాదు. అసలు ఫోన్‌నే యజమాని బోనెక్కి చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. విచారణ ముగియకముందు సర్టిఫికెట్ ఆలస్యంగా ఇచ్చినా కోర్టు తీసుకోవచ్చు. 2018 షఫీ మొహమ్మద్ తీర్పు మాత్రం చూపించకండి, దాన్ని ఇందులోనే కొట్టేశారు.

సాక్ష్యం సుబ్బు: కొత్త దావాలకైతే నిపుణుడు ఎవరు మరి? ఐటీ చట్టం 79ఎ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యం పరీక్షించడానికి ప్రభుత్వం నోటిఫై చేసిన ల్యాబేనా, కంప్యూటర్ తెలిసిన ఎవరైనా సరేనా?

హ్యాష్ మాస్టారు: 79ఎ ప్రస్తావన ఉన్నది సెక్షన్ 39లో, 63లో కాదు. నా లెక్కన ఎవరైనా సరే, హ్యాష్ సరిగా ఉంటే.

సాక్ష్యం సుబ్బు: ఒప్పుకోను.

గుంటూరు జూనియర్: థాంక్స్ సార్, 65బి డ్రాఫ్ట్ చేస్తున్నా.