బోర్డు సీరియల్ నంబర్ రూట్‌కి (లినక్స్‌లో అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌కి) తప్ప ఎవరికీ రావట్లేదు, మీరెలా చేశారు?

ఆటోనగర్_కాటా
గాజువాక ఆటోనగర్‌లో మా వేబ్రిడ్జికి (లారీలు తూచే కాటాకి) బిల్లింగ్ ప్రోగ్రామ్ నేనే రాశా గురూ, ఉబుంటు లినక్స్ మీద. ఏ మెషీన్‌లో తీసిన స్లిప్పో తెలియాలి కదా అని మదర్‌బోర్డు సీరియల్ చదివి స్లిప్ మీద వేద్దామనుకున్నా. సిస్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే లినక్స్ హార్డ్‌వేర్ వివరాల్ని ఫైళ్ళలా చూపించే చోట, డీఎంఐ ఫోల్డర్ ఉంది కదా, అందులో బోర్డు పేరు, కంపెనీ పేరు, బయోస్ వెర్షన్ అన్నీ మామూలు యూజర్‌కే వచ్చేస్తున్నాయి, సీరియల్ దగ్గరికొచ్చేసరికి పర్మిషన్ డినైడ్. ఫైల్ పర్మిషన్లు మార్చే సీహెచ్‌మోడ్ కొట్టి 444 (అందరూ చదవొచ్చు) చేశా, సాయంత్రం కరెంటు పోయి వచ్చాక చూస్తే మళ్ళీ 400 (రూట్ మాత్రమే చదవొచ్చు). తెలిసినాయన ఒకాయన ప్రోగ్రామ్ మొత్తం రూట్‌గా నడిపెయ్ అంటున్నాడు, నాకు మనసొప్పట్లేదు.

మధురవాడ_కెర్నల్
మనసొప్పకపోవడమే కరెక్ట్, రూట్‌గా నడపొద్దు. ఆ ఫైళ్ళు డిస్క్ మీద ఉండవు, బూట్ అయిన ప్రతిసారీ కెర్నలే (లినక్స్ మూల భాగం) పుట్టిస్తుంది, అందుకే నీ మార్పు నిలబడలేదు. 400 కూడా కావాలని పెట్టిందే. మోడల్ పేరు ఒకే రకం మెషీన్లన్నిటికీ ఒకటే కాబట్టి ఎవరు చూసినా ఫర్వాలేదు, సీరియలూ యూయూఐడీ (మెషీన్‌కి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు కోడ్) మాత్రం ఆ ఒక్క మెషీన్‌వే, ఏ యాప్ అయినా చదివేస్తే ఓఎస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా నిన్ను గుర్తుపట్టేస్తుంది. 1999లో పెంటియం 3 ప్రాసెసర్‌లోనే సీరియల్ నంబర్ పెడితే ఎంత గొడవైందో, పెంటియం 4 వచ్చేసరికి తీసేశారు. ఆండ్రాయిడ్ 10 నుంచి మామూలు యాప్‌లకి ఐఎంఈఐ కూడా ఇవ్వట్లేదు, కారణం అదే.

డాబాగార్డెన్స్_సర్వీస్
అసలు ఆ సీరియల్‌ని నమ్మొచ్చా అన్నది ముందు చూసుకోండి. నా దగ్గరికి రిపేర్‌కొచ్చే అసెంబుల్డ్ పీసీల్లో చాలావాటికి సీరియల్ ఉండాల్సిన చోట "టు బీ ఫిల్డ్ బై ఓఈఎం" అనే ఉంటుంది, అంటే కంపెనీవాడు నింపకుండానే వదిలేశాడు. ఒకే ఆఫీసులో మూడు పీసీలకీ అదే. దాని బదులు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ పోర్టుకుండే గుర్తింపు నంబర్) వాడితే ఇంకో తలనొప్పి, సముద్రం గాలికి ల్యాన్ పోర్టు తుప్పు పట్టి యూఎస్‌బీ ల్యాన్ పెట్టుకున్నారంటే అడ్రస్ మారిపోయినట్టే.

హార్బర్_లాగర్
ఫిషింగ్ హార్బర్ దగ్గర కోల్డ్ స్టోరేజీలో టెంపరేచర్ లాగర్లు చూస్తాను, అన్నీ రాస్ప్‌బెర్రీ పై 3లు (చిన్న సింగిల్ బోర్డు కంప్యూటర్లు). వాటిలో సీరియల్ సీపీయూఇన్ఫో అనే ఫైల్‌లోనే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు, పైగా ల్యాన్ మ్యాక్ చివరి ఆరు అక్షరాలూ సీరియల్ చివరి ఆరూ ఒకటే, అంటే ఒకటి బయటపడితే రెండోది బయటపడ్డట్టే. నన్ను ఏడిపించింది వేరే. ఒక మెమరీ కార్డు రెడీ చేసి దాన్నే కాపీలు తీసి అన్నిటిలో పెట్టేశా, మెషీన్ ఐడీ ఫైల్ (ఓఎస్ ఆ మెషీన్‌కి పెట్టుకునే గుర్తింపు) కూడా కాపీ అయిపోయింది, నెట్‌వర్క్ చూసుకునే నెట్‌వర్క్‌డీ ప్రోగ్రామ్ డీహెచ్‌సీపీకి (ఐపీ అడ్రస్ అడిగి తీసుకునే పద్ధతికి) ఆ ఐడీనే ఆధారం చేసుకుంటుంది కాబట్టి నాలుగు లాగర్లూ ఒకే ఐపీ కోసం కొట్టుకున్నాయి, ఒక రాత్రి రీడింగులన్నీ పోయాయి. కాపీ తీసేముందు ఆ ఫైల్ ఖాళీ చేస్తే బూట్‌లో ఎవరిది వాళ్ళకి కొత్తది పుడుతుంది.

కాటాకి యూఎస్‌బీ సీరియల్ కేబుల్ (కాటా రీడింగుని పీసీకి తెచ్చే వైరు) వాడుతున్నావా అన్నా? సీహెచ్340 చిప్ కేబుల్స్‌కి మామూలుగా సీరియల్ నంబరే ఉండదు, రెండు పెడితే పరికరాలకి వాటి గుర్తింపుని బట్టి పేరు పెట్టే బై-ఐడీ ఫోల్డర్‌లో ఒకే పేరుకి పోటీ పడతాయి. పక్కనే ఉండే బై-పాత్ ఫోల్డర్ వాడు, ఏ పోర్టులో గుచ్చావో దాన్నిబట్టి పేరు వస్తుంది.

సీతమ్మధార_స్టూడెంట్
ఒక డౌటండీ. బోర్డు సీరియల్‌కి తాళం వేశారు బానే ఉంది, మరి నా ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ (ఒక రకం ఎస్‌ఎస్‌డీ) డిస్క్ సీరియల్ మామూలు యూజర్‌కే కనబడుతోంది కదా. ఇంక దాచి ఏం లాభం?

మధురవాడ_కెర్నల్
మంచి ప్రశ్న, నాకూ అది నచ్చదు. కెర్నల్‌లో ఒక్కో సబ్‌సిస్టమ్ (భాగం) ఒక్కొక్కరు చూసుకుంటారు, ఆ ఫైల్ ఎలా తెరవాలో వాళ్ళే నిర్ణయిస్తారు. ఒకసారి అందరికీ తెరిచాక దానిమీద ప్రోగ్రాములు ఆధారపడిపోతాయి, యూజర్‌స్పేస్‌ని (కెర్నల్ బయట నడిచే ప్రోగ్రాముల్ని) చెడగొట్టకూడదన్నది లినక్స్‌లో గట్టి పట్టింపు కాబట్టి తర్వాత మూయడం చాలా కష్టం. అందుకే కొత్త డ్రైవర్ రాసేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ముందు మూసి పెట్టండి, అవసరం చూపిస్తే అప్పుడు తెరవొచ్చు.

కాటా అన్నా, బూట్‌లో ఒక్కసారి రూట్‌గా నడిచే చిన్న సర్వీస్ రాయి. సీరియల్‌ని నీ ప్రోగ్రామ్‌కే చెందిన ఒక కీతో కలిపి హ్యాష్ చేసి (వెనక్కి తిప్పలేని కోడ్‌గా మార్చి), ఫలితాన్ని రన్ ఫోల్డర్‌లో నీ గ్రూప్ చదివేలా పెట్టెయ్. అసలు నంబర్ బయటికి రాదు. సీరియల్ ఖాళీగా ఉన్న బోర్డులకి మెషీన్ ఐడీని ఇలాగే హ్యాష్ చేసి వాడుకో, దాన్ని కూడా నేరుగా బయటపెట్టొద్దని సిస్టమ్‌డీ (లినక్స్‌లో బూట్, సర్వీసులు చూసుకునే ప్రోగ్రామ్) వాళ్ళే రాశారు.

ఆటోనగర్_కాటా
రాత్రి కూర్చుని చేసేశా. స్లిప్ మీద హ్యాష్‌లో మొదటి ఎనిమిది అక్షరాలు వేస్తున్నా, ప్రోగ్రామ్ మామూలు యూజర్‌గానే నడుస్తోంది. రెండో కాటా పీసీలో మాత్రం ఆ ఓఈఎం మాటే వచ్చింది, దానికి మెషీన్ ఐడీ పెట్టా. కేబుల్ కూడా సీహెచ్340నే అన్నా, రేపు బై-పాత్‌కి మార్చి పోర్టు పక్కన స్టిక్కర్ అంటిస్తా.