కోడీలో వీడియో క్యాష్ (ముందుగానే తెచ్చి మెమరీలో పెట్టుకునే నిల్వ) పెంచితే ఆగడం తగ్గుతుందా, అదంతా మన భ్రమేనా?

పెన్నా_తీరం:
అందరికీ నమస్తే. మాది మారతహళ్లి. హాల్లో టీవీకి ఆండ్రాయిడ్ బాక్స్, అందులో వీడియోలు చూసే యాప్ కోడీ 21. రౌటర్ పడకగదిలో ఉంది, దానికే హార్డ్‌డిస్క్ తగిలించాను. అందులో మా చెల్లి పెళ్లి వీడియో, 4కె, అరగంట, 18 జీబీ. అనంతపురం నుంచి నాన్న వస్తే ఆదివారం పెట్టాను. సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర ఆగింది. ఇద్దరి చేతులూ తలల మీద అలాగే ఉన్నాయి, మధ్యలో చక్రం తిరుగుతోంది. కాసేపటికి కదిలి, తలంబ్రాల దగ్గర మళ్లీ ఆగింది. "ఎంత పెట్టి కొన్నావురా ఈ టీవీ?" అన్నారు నాన్న. ఇక్కడ పిన్ చేసిన పోస్టు చూసి అడ్వాన్స్‌డ్‌సెట్టింగ్స్ ఫైల్లో మెమరీసైజ్ (అదే క్యాష్ సైజు) 200 ఎంబీ చేశాను. ఏ తేడా లేదు. ఇంకా పెంచాలా?

అద్దె_ఇల్లు_301:
బ్రో, క్యాష్ కోసం ఆ ఫైల్లో ఏం రాసినా నీ వెర్షన్ పట్టించుకోదు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 21 నుంచి అదంతా మెనూలోకి మార్చేశారు. సెట్టింగ్స్, సర్వీసెస్, క్యాషింగ్. అక్కడ మెమరీ సైజు 20 ఎంబీ ఉంటుంది, పెంచెయ్. ఆ పిన్ పోస్టు ఎవరైనా తీసేస్తే బాగుండు, ఎంతమంది సమయం వృథా చేస్తోందో.

కేబుల్_బాబాయ్:
పిన్ పోస్టు రాసింది నేనే. రాసిన రోజుకి అది సరైనదే.
ఇక పెంచితే ఏమవుతుందో లెక్క చూద్దాం. అరగంటకి 18 జీబీ అంటే సెకనుకు 10 ఎంబీ, అంటే 80 మెగాబిట్లు. 20 ఎంబీ క్యాష్‌లో ఉండేది రెండు సెకన్ల బొమ్మ. 200 పెడితే ఇరవై సెకన్లు. మీ వైఫై 60 మెగాబిట్లే ఇస్తోందనుకోండి, సెకనుకు రెండున్నర ఎంబీ లోటు. 20 ఎంబీ ఎనిమిది సెకన్లలో ఖాళీ, 200 అయితే ఎనభై సెకన్లలో. ఆగేది మాత్రం ఆగుతుంది.

చిత్తూరు_బెల్లం:
క్యాష్ పెంచాలి అని ఫోన్లో అంటుంటే మా ఆవిడ జీతం సంగతనుకుని టీ తెచ్చింది.

అద్దె_ఇల్లు_301:
బాబాయ్ గారూ, బెంగళూరులో ఉంటూ సంపు ఎందుకు కట్టుకుంటామో తెలియదా? కావేరి నీళ్లు ఇరవై నాలుగ్గంటలూ రావు, వచ్చినప్పుడు పట్టి పెట్టుకుంటాం. వైఫై కూడా అంతే. మా బిల్డింగ్‌లో పక్క పీజీతో కలిపి ఇరవై పైన నెట్‌వర్కులు కనిపిస్తాయి. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి తగలని ఛానళ్లు మూడే: 1, 6, 11. అందరూ వాటి మీదే. స్పీడు ఓ పది సెకన్లు పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. ఆ పది సెకన్లు గట్టెక్కించేది క్యాషే.

కేబుల్_బాబాయ్:
సంపు నిండాలంటే వచ్చేది వాడేదానికన్నా ఎక్కువుండాలి. 2024 వేసవిలో మాకూ సంపు ఉంది, అందులో నీళ్లే లేవు. 2.4లో నిలకడగా 80 రావడం కల.

హోసూర్_రోడ్:
క్యాష్‌కి ఎంత పెడితే దానికి మూడింతలు ర్యామ్ తింటుందని చదివాను. 1 జీబీ బాక్స్‌లో 200 అంటే 600. కోడీయే మూసుకుపోదా?

అద్దె_ఇల్లు_301:
అది పాత వెర్షన్ల మాట అన్నా.

కేబుల్_బాబాయ్:
నా పోస్టులో ఆ మూడింతల సంగతి ఉంది, చదివితే కదా. 1 జీబీ బాక్స్‌కి ఏ వెర్షన్‌లోనైనా 200 ఎక్కువే.

నెల్లూరు_చేప:
వీఎల్‌సీలో నెట్‌వర్క్ క్యాషింగ్ 5000 పెట్టాను, అక్కడ లెక్క మిల్లీసెకన్లలో. హాయిగా ఉంది. ఈ గొడవలేంటి?

కేబుల్_బాబాయ్:
పెన్నా గారూ, ముందు ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి నేరుగా బాక్స్‌కి పెట్టి చూడండి. ఆగకుండా ఆడితే తప్పు వైఫై దారిది, బాక్స్‌ది కాదు. అప్పుడు మందు ఒక్కటే: ఎస్.పి. రోడ్‌లో క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ కొని గోడలోంచి లాగేయండి. ఒక్క ఆదివారం పని.

అద్దె_ఇల్లు_301:
గోడలోంచి! పోయిన ఇంట్లో నేను కొట్టిన రంధ్రాలు రెండంటే రెండు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఓనర్ అడ్వాన్స్‌లో నలభై వేలు పట్టుకున్నాడు. పది నెలల అద్దె ముందే కట్టి, క్యాలెండర్ మేకుకి కూడా ఫోన్ చేసి అడిగే బతుకు మాది. రౌటర్ ఎక్కడుండాలో కూడా ఓనర్ వేయించిన ఫైబర్ వైరే చెబుతుంది. సొంత ఫ్లాట్ ఉన్నవాళ్లకి అంతా ఆదివారం పనే. మా చేతిలో ఉన్నది ఆ ఒక్క సెట్టింగు. దాన్ని కూడా భ్రమ అంటే ఒళ్లు మండుతుంది.

హోసూర్_రోడ్:
నలభై వేలా!! ఏ ఏరియా అన్నా?

కేబుల్_బాబాయ్:
సొంత ఫ్లాటే. ఇంకా పదమూడేళ్ల ఈఎంఐ ఉంది. బిల్డర్ గోడల్లో పైపులు వేశాడు, వాటి నిండా సిమెంటే. వైరు దూర్చడానికి రెండు రోజులు కుస్తీ పట్టి, చివరికి నేలపట్టీ వెంబడి క్లిప్పులు అంటించి లాగాను. నేనూ గోడ తవ్వలేదు. గోడలోంచి అనడం నా నోటి దురుసు.
కానీ "తీసేస్తే బాగుండు" అన్నారే, ఆ పోస్టుకి మూడు రాత్రులు కూర్చున్నానండీ. అప్పట్లో దీని గురించి తెలుగులో ఒక్క ముక్క దొరికేది కాదు. మారిందని కింద ఒక లైను రాస్తే నేనే దిద్దేవాణ్ని కదా.

అద్దె_ఇల్లు_301:
తీసేయమన్నది పోస్టుని, మిమ్మల్ని కాదు. సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. సంపు మాట మాత్రం తీసుకోను.

పెన్నా_తీరం:
పెన్‌డ్రైవ్‌లో ఎక్కడం లేదండీ, ఫైలు మరీ పెద్దదంటోంది. 32 జీబీది, ఖాళీగానే ఉంది.

చిత్తూరు_బెల్లం:
అది ఫ్యాట్32లో ఉండుంటుంది. 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చెయ్.

కేబుల్_బాబాయ్:
పిన్ పోస్టు దిద్దాను. 21 వాడేవాళ్లు మెనూలోనే మార్చుకోవాలని పైనే రాశాను. నా దగ్గర బల్లపరుపు క్యాట్6 ఒకటి మిగిలింది. రౌటర్‌కే డిస్క్ ఉంది కాబట్టి రెండు గదుల మధ్య ఇదొక్కటి చాలు. కావాలంటే కె.ఆర్.పురం వచ్చి పట్టుకెళ్లండి, ఊరికే.

పెన్నా_తీరం:
పెన్‌డ్రైవ్‌లో ఒక్కసారి కూడా ఆగలేదు. బాక్స్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి, మెనూలో 128 ఎంబీ పెట్టి హార్డ్‌డిస్క్ నుంచి మళ్లీ చూశాను. ఆదివారం తొమ్మిది సార్లు ఆగింది, ఈసారి రెండు. ఏది పనిచేసిందని అడక్కండి, రెండూ ఒకేసారి మార్చాను. నాన్న నిన్న రాత్రి బండికే వెళ్లిపోయారు. వెళ్తూ "పెళ్లి నేను దగ్గరుండి చూశాన్లే" అన్నారు.
బాబాయ్ గారూ, ఆ కేబుల్ తలుపు కింద నుంచి పడుతుందా? మా గడప కాస్త ఎత్తు.