వేరులోనే పనిచేసే జన్యువు: ఉప్పు తేలిన వరి పొలానికి ఇది దారేనా?

మొలగొలుకులు (విడవలూరు మండలం)
మాకు సముద్రానికి దగ్గర్లో రెండున్నర ఎకరాల వరి ఉంది. మా మామగారు ఆ నేలలో మొలగొలుకులు పండించేవారు, అందుకే ఇక్కడ ఈ పేరు పెట్టుకున్నాను. మూడేళ్ళుగా తూర్పు గట్టు పక్క అర ఎకరంలో నాటు వేసిన పదిహేను రోజులకే ఆకు కొసలు తెల్లబడి ఎండిపోతున్నాయి. మట్టి పరీక్ష చేయిస్తే ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 6 వచ్చింది. 3 దాటితే చాలు, వరి దిగుబడి పడటం మొదలవుతుందన్నారు. మొన్న మా అబ్బాయి ఒక వ్యాసం చదివి వినిపించాడు. జన్యుమార్పిడి చేసినా ఆ జన్యువు వేరులోనే పనిచేసేలా పెట్టవచ్చట, గింజలోకి రాదట. అది నిజమైతే దీనికి ఇంత అడ్డు ఎందుకు? తెలిసినవాళ్ళు చెప్పండి.

వేరుమూలం (ఒంగోలు, హైదరాబాద్‌లో మొక్కల మీద పరిశోధన)
అక్కా, మీ అబ్బాయి చదివింది చాలావరకు నిజం. ప్రతి జన్యువు ముందు ప్రమోటర్ అనే భాగం ఉంటుంది. ఆ జన్యువు ఎక్కడ, ఎప్పుడు పని మొదలుపెట్టాలో అదే చెబుతుంది. క్యాలీఫ్లవర్ వైరస్ నుంచి తీసుకున్న 35ఎస్ ప్రమోటర్ పెడితే వేరు, కాండం, ఆకు అన్నింటిలో పనిచేస్తుంది. వేరుకే పరిమితమైన ప్రమోటర్లు వేరే ఉన్నాయి.

ఉప్పు విషయంలో ఈ తేడా చాలా పెద్దది. 2009లో ఆస్ట్రేలియాలో అడిలైడ్ శాస్త్రవేత్తలు ఆవ కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కలో హెచ్‌కేటీ1 అనే జన్యువును వేరు నడిమి భాగంలో, నీళ్ళు పైకి మోసే గొట్టాల చుట్టూ ఉన్న కణాల్లో మాత్రమే ఎక్కువగా పనిచేయించారు. ఆ కణాలు ఉప్పును నీళ్ళలోంచి లాగి వేరులోనే ఆపేశాయి. పైభాగంలో సోడియం 37 నుంచి 64 శాతం తగ్గింది. అదే జన్యువును మొక్క అంతటా పనిచేయిస్తే ఉప్పు పైకి ఇంకా ఎక్కువ వెళ్ళింది. జన్యువు అదే, చోటు మారితే ఫలితం తలకిందులైంది. అందుకే ఈ పద్ధతిని వ్యతిరేకించడం నాకు అర్థం కాదు.

పొదిలి బ్యారన్
తమ్ముడూ, "గింజలోకి రాదు" అన్న మాట దగ్గర ఆగు. గింజ మొలిస్తేనే కదా మళ్ళీ వేరు వచ్చేది? మరి ఆ జన్యువు గింజలో లేకుండా తర్వాతి పంట వేరులోకి ఎట్ట వస్తుంది?

వేరుమూలం
నిజమే అన్నా, జన్యువు ప్రతి కణంలోనూ ఉంటుంది. అది చేయించే ప్రోటీన్ మాత్రం వేరులోనే తయారవుతుంది. వ్యాసంలో "గింజలోకి రాదు" అంటే ఆ ప్రోటీన్ గురించే.

పొదిలి బ్యారన్
అయితే అట్టే రాయాలి. ఉండటం వేరు, పనిచేయడం వేరు.

ఇంకో మాట. మేము నాలుగు తరాలుగా వర్జీనియా పొగాకు వేస్తున్నాం. నికోటిన్ ఆకులో ఉంటుందని అందరికీ తెలుసు, కానీ అది తయారయ్యేది వేరులో. 1940లలోనే అంటు కట్టి చూశారు. పొగాకు కొమ్మను టమాటా వేరు మీద కడితే ఆకులో నికోటిన్ దాదాపు లేదు. టమాటా కొమ్మను పొగాకు వేరు మీద కడితే టమాటా ఆకులోకి నికోటిన్ ఎక్కింది. మేము తలలు తుంచి, పిలకలు తీస్తే ఆకులో ఘాటు పెరిగేది కూడా వేరు చేసే పనితోనే. వేరులో జరిగింది వేరులోనే ఉండిపోతుందని నాకు చెప్పొద్దు. నేను ఏటా బ్యారన్‌లో, అదే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గదిలో, కాల్చేది వేరు పంపిన సరుకునే.

సింగరాయకొండ శ్రీను
ఈ పొగాకు ఉదాహరణ బాగుందన్నా. నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

వేరుమూలం
పొగాకు విషయం అక్షరాలా నిజం. కానీ నికోటిన్ చిన్న అణువు, మొక్కే దాన్ని పైకి పంపుతుంది. హెచ్‌కేటీ ప్రోటీన్ కణం పొరలో పాతుకుని ఉంటుంది, నీళ్ళతో పాటు పైకి రాదు. ఏ జన్యువు, ఏ పదార్థం అని చూడకుండా అన్నింటినీ ఒకే గాటన కట్టడం భయం, సైన్స్ కాదు. ప్రమోటర్లు కొంచెం లీక్ అవుతాయి కూడా, అంటే అనుకోని చోట కూడా జన్యువును కాస్త పనిచేయిస్తాయి. అందుకే 2022లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు రెండు షరతులు కలిస్తేనే జన్యువు పనిచేసే ఏర్పాట్లు మొక్కల్లో చేసి చూపించారు, వాటితో వేర్ల కొమ్మలు ఎన్ని రావాలో మార్చారు.

పొదిలి బ్యారన్
భయం అన్నావు. సరే, నా భయం ఎక్కడిదో విను. మా తమ్ముడు పత్తి వేశాడు, మూడెకరాలు. డీలరు సంచి ఇచ్చాడు, బిల్లు రేపు ఇస్తానన్నాడు. కాయలో గులాబీ పురుగు దూరి పింజ అంతా పాడైంది. అడగబోతే "బిల్లు ఏది" అన్నారు. వాడు ఆ ఏడాది బ్యారన్ కట్టెలు అమ్ముకుని బతికాడు. 2002లో బీటీ పత్తి, అదే పురుగును చంపే విషం తనే తయారుచేసుకునే జన్యుమార్పిడి పత్తి, వచ్చినప్పుడు కూడా నీలాగే నెమ్మదిగా, మర్యాదగా చెప్పారు, కాయ తొలిచే పురుగు బాధ పోయిందని. గులాబీ పురుగు ఆ విషాన్ని తట్టుకోవడం నేర్చింది. నువ్వు చెప్పేది తప్పనను. చెప్పినవాడు పంట పోయిన రోజు కనపడడు, అంతే నేను అనేది.

గిద్దలూరు మాస్టారు
అమెరికా మొక్కజొన్నలో వేరు పురుగును చంపడానికి పెట్టిన క్రై3బీబీ1 అనే జన్యువు కూడా అంతే కదా. 2003లో సాగులోకి వచ్చింది. 2009లో అయోవా పొలాల్లో సేకరించిన పురుగులు దాన్ని తట్టుకున్నాయని 2011లో ప్రచురించారు. వేరు కోసం పెట్టినా పురుగు పురుగే.

వేరుమూలం
మాస్టారూ, అది పురుగు మందు పని. ఉప్పు పురుగు కాదు, ఉప్పుకి నిరోధకత రాదు. రెండూ కలపొద్దు దయచేసి. పైగా ప్రకృతిలోనే ఇది ఉంది. బెంగాల్ పాత వరి నోనా బొక్రాలో ఎస్‌కేసీ1 అనే జన్యువు వేరు గొట్టాల చుట్టూ ఇదే పని చేస్తుందని 2005లో తేలింది.

పొదిలి బ్యారన్
పాత వరిలోనే ఉంటే సంకరం చేసి తెచ్చుకోవచ్చు కదా! జన్యుమార్పిడి దేనికి మరి?

కావలి రమ
కేరళ పొక్కాలి వరి నుంచి ఉప్పును తట్టుకునే గుణమిచ్చే సాల్టాల్ అనే జన్యు భాగాన్ని సంకరంతో మంచి రకాల్లోకి తెస్తూనే ఉన్నారు. సీఎస్ఆర్ 36 లాంటి ఉప్పు తట్టుకునే రకాలు కూడా ఉన్నాయి, అడిగి చూడండి మేడం.

వేరుమూలం
మంచి మాట. సంకరంతో వచ్చేది వస్తుంది, దానికి నేనేమీ అడ్డం కాదు. కరువును, ఉప్పును తట్టుకుంటుందని 2025 మే నెలలో ప్రకటించిన పూసా డీఎస్‌టీ రైస్ 1 మన ఎంటీయూ 1010, అదే కాటన్‌దొర సన్నాల మీద చేసిన జన్యు సవరణ. దానిలో బయటి జన్యువు లేదు. కానీ అది మొక్క వేరుకు సంబంధించింది కాదు, ఆకు రంధ్రాల నుంచి నీరు పోవడాన్ని తగ్గించే మార్పు. ఎంత ఉప్పుకి అది ఆగుతుందో మన పొలాల్లో పెట్టి చూడాలి.

మొలగొలుకులు
నేను అడిగింది మా అర ఎకరం గురించి. మీరు పొగాకు, పత్తి, అమెరికా తిరిగి వచ్చారు. ఇంతకీ ఆ గట్టు అవతల ఏముందో ఎవరూ అడగలేదు. రొయ్యల చెరువు. ఆరేళ్ళ క్రితం తవ్వారు. ఉప్పునీళ్ళు నింపిన ప్రతిసారీ మా వైపు ఊట వస్తుంది. మురుగు కాలువ పూడిపోయింది. పోయిన ఎండాకాలంలో గట్టు మీద తెల్లగా పేరుకుంటే మా అత్తగారు చేత్తో తుడిచి చూపించింది, ఉప్పు.

అల్లూరు వెనామీ
అక్కా, నేను చెరువుల మనిషినే. మీ బాధ అర్థమవుతుంది. మాకూ అప్పులున్నాయి, రొయ్యకు తెల్లమచ్చ తెగులు వస్తే ఒక్క వారంలో పోతుంది మొత్తం. బోర్లు ఎక్కువ తోడినా సముద్రపు నీరు లోపలికి వస్తుంది, అది కూడా చూడాలి. నాకు తోచేదేమిటంటే, తమ్ముడు చెప్పే ఉప్పు తట్టుకునే వరి వస్తే గొడవే ఉండదు. మా చెరువులూ నడుస్తాయి, మీ వరీ పండుతుంది.

పొదిలి బ్యారన్
ఇదిగో. ఇందాకటి నుంచి నాకు మింగుడుపడనిది ఈయన ఒక్క వాక్యంలో చెప్పేశాడు. విత్తనం ఉప్పును తట్టుకుంటే ఉప్పు పంపినవాడిని అడిగేవాడు ఉండడు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చింది, 2005లో చట్టం వచ్చింది, తీరంలో చెరువుల మీద అజమాయిషీకి అథారిటీ వచ్చింది. అయినా ఆమె గట్టు మీద ఉప్పు పేరుకుంది. తమ్ముడూ, నీ ప్రమోటర్ బాగా పనిచేయొచ్చు. ఈసీ ఇవాళ 6, రేపు 9 అవుతుంది. అప్పుడు ఇంకో జన్యువు తెస్తావా?

అల్లూరు వెనామీ
నేను ఎవరి నోరూ మూయించడానికి అనలేదు అన్నా. నా చెరువు గట్టు బంకమట్టితో కట్టించాను, మధ్యలో కాలువ వదిలాను. అందరూ చేయరు, ఒప్పుకుంటాను.

వేరుమూలం
దీనికి నా దగ్గర సమాధానం లేదు. నేను ఉప్పును ఒక కొలతగా చూశాను, ఎవరి నీళ్ళతో వచ్చిందో చూడలేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఏ రకమైనా ఒక హద్దు వరకే. కాలువ తీసి మంచినీళ్ళతో ఉప్పు కడిగితేనే ఆ హద్దు లోపల ఉంటుంది. అక్కా, జిప్సం వేయమని ఎవరైనా చెబితే ముందు మట్టి పీహెచ్ చూపించండి. జిప్సం పీహెచ్ బాగా ఎక్కువున్న చౌడుకి పనిచేస్తుంది, ఉత్త ఉప్పుకి కాదు.

మొలగొలుకులు
పీహెచ్ 7.8 అని కాగితంలో ఉంది. మంచిది, జిప్సం కొనను. కాలువ కోసం మళ్ళీ అర్జీ పెడతాను, ఈసారి ఈసీ కాగితం జత చేసి. కానీ అన్నా, ఒక సంగతి చెబుతాను, కోపగించుకోకండి. కాలువ తీసేదాకా ఆ అర ఎకరం బీడు పెట్టలేను. అలాంటి విత్తనం వస్తే వేస్తాను. చెరువును అడగడం కూడా మానను.

పొదిలి బ్యారన్
కోపం ఎందుకమ్మా, వెయ్యి. బిల్లు మాత్రం ఆ రోజే తీసుకో, సంచి మీద లాట్ నంబరు ఫోటో తీసుకో. పంట కోసేదాకా సంచి పారేయకు.