టైటిల్ క్లాప్‌దా, స్లాట్‌దా? కొత్త స్టాండ్ ఎవరి ఖాతాలో వేద్దాం?

యారాడ కోప్ | 28 ఏప్రిల్ 2025, ఉదయం 7:12

గొంతు బొంగురుపోయింది. రాత్రి తొమ్మిదికి మొదలైన మ్యాచ్ అయ్యాక ఇంటికొచ్చి పడుకునేసరికి ఒంటిగంట. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్‌లో మన లివర్‌పూల్ టాటెన్‌హామ్ మీద 5-1. ముందు గోల్ వాళ్ళదే, ఆ నాలుగు నిమిషాలూ మా గదిలో చావు కబురు విన్నట్టు కూర్చున్నాం. తర్వాత డియాజ్, మకాలిస్టర్, గాక్పో, సలా, ఆఖరికి వాళ్ళ డిఫెండరే మనకొకటి వేసిపెట్టాడు. లివర్‌పూల్‌కి ఇది ఇరవయ్యో లీగ్ టైటిల్. అదీ ఇంకా నాలుగు మ్యాచ్‌లు మిగిలుండగానే. 2020లో కోవిడ్ వల్ల ఖాళీ స్టాండ్ల ముందు గెలిచాం కాబట్టి, జనం మధ్య గెలవడం 1990 తర్వాత ఇదే.

మ్యాచ్ చూసిన చోటే గొడవ మొదలైంది, ఇక్కడికి తెస్తున్నాను. మేనేజర్‌గా దాదాపు తొమ్మిదేళ్ళు ఉండి 2024 మేలో వెళ్ళిపోయిన క్లాప్‌దా ఈ టైటిల్, ఆయన సీట్లోకి వచ్చిన మొదటి ఏడే కొట్టిన స్లాట్‌దా? మన స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో ఆన్‌ఫీల్డ్ రోడ్ వైపు స్టాండ్ పెంచి మొత్తం సీట్లు 61 వేలు దాటించారు కదా, ఆ ఖర్చు వల్ల ఒరిగిందేమైనా ఉందా? మర్యాదగా మాట్లాడుకుందాం.

బి షిఫ్టు బాబాయ్ | 7:40

ఇందులో చర్చకేముంది బాబూ? పోయిన వేసవిలో స్లాట్ జట్టులోకి కొత్తగా వచ్చినవాడు కియేజా ఒక్కడు. మమర్దాష్విలి అనే గోల్‌కీపర్నీ కొన్నారు గానీ అతను ఇంకా పాత క్లబ్ వలెన్సియాలోనే ఉన్నాడు. సలా, వాన్ డైక్, అలిసన్, మకాలిస్టర్, సొబొస్లాయి, అందరూ క్లాప్ ఉండగా వచ్చినవాళ్ళే. వంట ఆయన చేశాడు, ఈయన వడ్డించాడు.

స్టాండ్ సంగతంటారా, 2021 సెప్టెంబరులో పార పట్టుకుని మొదటి మట్టి తీసింది క్లాపే. ఫొటోలున్నాయి. కాబట్టి రెండూ ఆయన ఖాతాలోనే.

ఓల్డ్ ట్రాఫర్డ్ వాన | 7:44

మా మాంచెస్టర్ యునైటెడ్ స్టేడియం పైకప్పు కారుతోంది. మీరు సీట్లు లెక్కపెట్టుకుంటున్నారు. అదృష్టవంతులు.

సీతమ్మధార సిక్స్ | 8:05

వడ్డించాడనడం తేలిక బాబాయ్ గారూ. అవే సామాన్లతో పోయినేడు క్లాప్ 38 మ్యాచ్‌ల్లో 82 పాయింట్లు తెచ్చి మూడో స్థానంలో ఆగారు. అవే సామాన్లతో స్లాట్ 34 మ్యాచ్‌ల్లోనే 82 తెచ్చాడు. మరి పొయ్యి దగ్గర ఎవరున్నట్టు?

నా పేరులో సిక్స్ ఊరికే పెట్టుకోలేదు, ఆరో నంబరు స్థానమంటే, అదే డిఫెన్స్‌కి ముందుండే మిడ్‌ఫీల్డర్ చోటంటే, నాకు పిచ్చి. గ్రావెన్‌బెర్క్ పోయినేడు కూడా ఇక్కడే ఉన్నాడు. సగం మ్యాచ్‌లు బెంచీ మీద. అతన్ని తెచ్చి డిఫెన్స్ ముందు నిలబెట్టి, బంతి తీసుకున్న వెంటనే ఒంటిని తిప్పి ముందుకు నడిపించేలా చేసింది స్లాట్. క్లాప్ జట్టు పరుగు పెట్టేది, ఈ జట్టు ముందు ఊపిరి పీల్చుకుంటుంది. ఆ తేడా కళ్ళకి కనబడట్లేదా?

స్టాండ్ పూర్తి స్థాయిలో నిండింది కూడా ఈ సీజన్లోనే.

బి షిఫ్టు బాబాయ్ | 8:31

ఆ ఆఖరి మాట తప్పు. పై అంతస్తు తెరిచింది 17 డిసెంబరు 2023. మాంచెస్టర్ యునైటెడ్‌తో 0-0. ఆ రోజు వచ్చినవాళ్ళు 57,158. క్లాప్ ఉండగానే.

సీతమ్మధార సిక్స్ | 8:36

అది కొంత భాగమే. కట్టే కంపెనీ మధ్యలో దివాలా తీస్తే వేరేవాళ్ళని పెట్టుకుని, ఆగస్టులో తెరవాల్సింది డిసెంబరుకి సగం తెరిచారు. సగం తెరిస్తే తెరిచినట్టా?

బి షిఫ్టు బాబాయ్ | 8:52

2024 ఫిబ్రవరిలో బర్న్‌లీ మ్యాచ్‌కి 59,896. ఇది సగమా? తలుపు తీసి జనాన్ని లోపలికి పంపితే తెరిచినట్టే. గృహప్రవేశమయ్యాక మేడ మీద గది సున్నం మిగిలితే ఇల్లు కట్టలేదంటామా?

పెందుర్తి లెఫ్ట్ బ్యాక్ | 9:10

ఇల్లు అన్నారు కాబట్టి చెబుతున్నా. 2016లో పెద్దది చేసిన మెయిన్ స్టాండ్ వెనక లోథైర్ రోడ్ అని ఒక వీధి ఉండేది. క్లబ్ 1990ల నుంచీ అక్కడి ఇళ్ళు కొని, తలుపులకి రేకులు కొట్టి ఖాళీగా ఉంచింది. వీధంతా పాడుబడింది, ఉన్నవాళ్ళు అలాగే బతికారు. తర్వాత కూల్చేశారు. ఆ ఖాతా ఎవరిది?

జగదాంబ గన్నర్ | 9:15

పెంచుకోవడం నయం. మా ఆర్సెనల్ పాత స్టేడియం హైబరీ వదిలి 2006లో కొత్తదానికి వెళ్ళాం. ఆ అప్పు కట్టుకుంటూ మా మేనేజర్ వెంగర్ ఏటా మంచి ఆటగాళ్ళని అమ్ముకున్నాడు. 2005 నుంచి 2014 దాకా ఒక్క కప్పు లేదు. మీ వాళ్ళు ఉన్నచోటే ఒక్కో వైపు పెంచారు, 45 వేలు 54 అయింది, 54 కాస్తా 61 అయింది. ఆన్‌ఫీల్డ్ రోడ్ వైపు పనికి 8 కోట్ల పౌండ్లే అనుకున్నారు. తెలివైన పని. మేనేజర్ ఎవరైనా జీతాలకి లోటు లేదు.

సీతమ్మధార సిక్స్ | 9:40

గన్నర్ గారు చెప్పింది వందశాతం ఒప్పుకుంటాను. అంటే యజమానులకీ వాటా ఉంది. అన్నీ క్లాప్ భుజాన వేసి ఊరేగించక్కర్లేదు.

బి షిఫ్టు బాబాయ్ | 10:20

యజమానులా! 2016 ఫిబ్రవరి మర్చిపోయావా బాబూ? మెయిన్ స్టాండ్ కడుతున్నారు కదా అని 59 పౌండ్ల టికెట్టుని 77 చేస్తామన్నారు. సండర్‌లాండ్ మ్యాచ్‌లో 77వ నిమిషానికి వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0 మీదున్న మ్యాచ్ 2-2 అయింది. నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు. స్టాండ్ కట్టిన డబ్బు ఎవరి జేబులోంచి లాగాలనుకున్నారో దాంతోనే తెలిసిపోయింది.

పాయింట్ల సంగతికొస్తాను. క్లాప్ 2018-19లో 97 పాయింట్లు తెచ్చి రెండో స్థానంలో ఉన్నాడు. మాంచెస్టర్ సిటీకి 98. 2021-22లో 92, సిటీకి 93. ఈ ఏడు సిటీ చతికిలబడింది కాబట్టి 82తో పని అయిపోయింది. 97కి కప్పు రాని మనిషి గొప్పవాడా, 82కి వచ్చినవాడా?

సీతమ్మధార సిక్స్ | 10:34

1. బాబూ కాదండీ, అమ్మాయిని.
2. సిటీ చతికిలబడితే ఆర్సెనల్ ఉంది, చెల్సీ ఉంది. వాళ్ళెందుకు గెలవలేదు?
3. క్లాప్ 99 పాయింట్లతో గెలిచిన ఏడు మిగతావాళ్ళు ఎలా ఆడారో మనం అడిగామా?

బి షిఫ్టు బాబాయ్ | 10:41

సరే అమ్మా, తప్పయింది. కానీ రెండోదానికి జవాబు ఉంది, మూడోదానికీ ఉంది. కూరగాయలు తెచ్చుకోవాలి, వచ్చాక రాస్తాను.

పెందుర్తి లెఫ్ట్ బ్యాక్ | 10:58

నా ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేనట్టుంది. ఇంకో ముక్క. మీరు పొద్దున్నుంచి తన్నుకుంటున్న ఆ స్టాండ్ కోసం ఆన్‌ఫీల్డ్ రోడ్ అనే రోడ్డునే పక్కకి వంచారు. ఊళ్ళో రోడ్డు కంటే సీటు ముఖ్యం.

వన్‌టౌన్ వింగర్ | 11:05

లెఫ్ట్ బ్యాక్ అన్నా, గెలిచిన మర్నాడు కూడా నువ్వు సంతోషంగా ఉండవా?

బి షిఫ్టు బాబాయ్ | మధ్యాహ్నం 12:30

సిక్స్ అమ్మాయికి జవాబు. నేను ముప్పైనాలుగేళ్ళు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చేశాను. ఏ ఫ్యాక్టరీ అన్నది వదిలేయ్. నా ఆఖరి ఏడు కన్వేయర్ బెల్టు లైను మొత్తం రోలర్లు, బేరింగులు మార్పించాను. పండగలకీ ఇంటికి రాలేదు. కుర్రాళ్ళతో తిట్లు తిన్నాను, పైవాళ్ళతోనూ తిన్నాను. రిటైరయ్యాను. మరుసటి ఏడు ఆ లైను ఒక్కసారి ఆగలేదు. నా తర్వాత వచ్చినాయనకి షీల్డు ఇచ్చారు, నోటీసు బోర్డులో ఫొటో పెట్టారు. ఆయన చేసిందేమిటంటే గ్రీజు పెట్టించడం. కాబట్టి ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

సీతమ్మధార సిక్స్ | 12:49

బాధగానే ఉంది బాబాయ్ గారూ. కానీ గ్రీజు పెట్టించడం పని కాదా? పెట్టకపోతే మీ బేరింగులు ఎన్నాళ్ళుండేవి?

నేనూ చెబుతాను. ఒక ఆసుపత్రి ల్యాబులో పెద్ద పేరున్న సార్ వెళ్ళిపోయాక ఆ సీటులోకి వచ్చాను. రిపోర్టులు టైముకి వెళ్తే "సార్ పెట్టిన పద్ధతమ్మా అది" అంటారు. ఒక్క కిట్టు అయిపోతే "మీరొచ్చాకే ఇలా" అంటారు. మూడేళ్ళయింది. మంచి ఆయన కోటాలోకి, చెడ్డ నా కోటాలోకి. మీరు స్లాట్‌ని అంటున్నది అక్షరాలా అదే. ఓడితే క్లాప్ జట్టు అనేవారా? చచ్చినా అనరు.

బి షిఫ్టు బాబాయ్ | 12:58

నువ్వు ఆటగాళ్ళని చూసేది ఎప్పటినుంచమ్మా? నిన్నగాక మొన్న మొదలెట్టినవాళ్ళందరూ మాకు పాఠాలు చెబితే ఎలా?

సీతమ్మధార సిక్స్ | 1:02

లివర్‌పూల్ గెలిచిన ఇస్తాంబుల్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ మా నాన్న పక్కన కూర్చుని చూశాను, 2005లో. అర్ధరాత్రి దాటాక. చాలా?

మీరు గ్రీజు అన్న మనిషికి కూడా ఒక ఇల్లుంటుంది, అతని పిల్లలు ఆ ఫొటో చూసి ఉంటారు. అతని మీద కోపం స్లాట్ మీద తీర్చుకోకండి.

యారాడ కోప్ | 1:06

అయ్యా, అమ్మా, ఇద్దరూ కాసేపు మంచినీళ్ళు తాగండి. లేకపోతే తాళం వేస్తాను.

పెందుర్తి లెఫ్ట్ బ్యాక్ | 1:15

వేసేయ్ తాళం. ఒకరికి షీల్డు రాలేదు, ఒకరికి మెప్పు రాలేదు. మీకు కనీసం సీటంటూ ఉంది. మా వీధి వెడల్పు చేస్తామన్నారు. ఊరికోసం కదా, ఇవ్వండన్నారు. ఇచ్చాం. ముందుగది పోయింది, అందులో అమ్మ నడుపుకునే టిఫిన్ కొట్టూ పోయింది. దానికి ఇస్తామన్న కాగితం కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాయి. ఆన్‌ఫీల్డ్‌లో రోడ్డు పక్కకి జరిగింది, మా దగ్గర రోడ్డు ఇంట్లోకి జరిగింది. అంతే తేడా.

నాకు క్లాప్ ఇష్టమే, స్లాట్ ఇష్టమే. రాత్రి నేనూ గెంతాను. ఆ స్టాండ్‌ని చూపించినప్పుడల్లా వెనకున్న వీధి గుర్తొస్తుంది, నేనేం చెయ్యను? పొద్దున్నుంచీ మూడుసార్లు రాశాను. మీరు 57,158 దగ్గరే ఉన్నారు.

ఓల్డ్ ట్రాఫర్డ్ వాన | 1:22

మాకు లక్ష సీట్లతో కొత్త స్టేడియం కడతామని మార్చిలో బొమ్మ చూపించారు. అది చూసి నేను గంతులేశాను. చుట్టుపక్కల ఎవరుంటారన్నది నిజంగానే తట్టలేదు.

జగదాంబ గన్నర్ | 1:30

పెంచకపోతే టికెట్టు దొరకదు, పెంచితే వీధి పోతుంది. ఇద్దరికీ న్యాయం జరగాలంటే ముందే కూర్చోబెట్టి, ధర కట్టి, చేతిలో పెట్టి అప్పుడు కదపాలి. ఇళ్ళు కొని రేకులు కొట్టి ఉంచడమంటే, మిగిలినవాళ్ళని పొగబెట్టడమే.

సీతమ్మధార సిక్స్ | 2:10

లెఫ్ట్ బ్యాక్ గారూ, చదివాను. పొద్దున కూడా చదివాను, దాటేశాను. సారీ.

బాబాయ్ గారూ, ఒక్కటే అడుగుతాను. పోయినేడు మేలో తన వీడ్కోలు రోజున క్లాప్ మైకు పట్టుకుని ఇంకా రాని స్లాట్ పేరు జనం చేత పాడించాడు. నిన్న స్లాట్ మైకు పట్టుకుని క్లాప్ పేరు పాడించాడు. వాళ్ళిద్దరికీ లేని గొడవ మనకెందుకు వచ్చింది?

బి షిఫ్టు బాబాయ్ | 3:25

భోంచేసి పడుకుందామంటే నిద్ర పట్టలేదు.

అది చూశానమ్మా. స్లాట్ ఆ పేరు ఎత్తగానే ఇక్కడ నాకు కళ్ళు మసకలయ్యాయి. మా మనవడు "తాతా గెలిచాం కదా, ఏడుస్తావేంటి" అన్నాడు. షీల్డు నాకు అక్కర్లేదు. ఆ రోజు ఆ ఫంక్షనుకి పిలుస్తారని చొక్కా ఇస్త్రీ చేయించి ఉంచుకున్నాను. పిలవలేదు. కొత్తాయన పిలవనన్నాడో, పైవాళ్ళకి గుర్తే రాలేదో నేటికీ తెలీదు. అడగలేదు. గ్రీజు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

స్టాండ్ తెరిచింది మాత్రం డిసెంబరు 2023లోనే.

పెందుర్తి బాబూ, ఎన్ని అడుగులు పోయింది మీకు?

పెందుర్తి లెఫ్ట్ బ్యాక్ | 3:40

పదకొండు. మెట్లతో కలిపితే పదమూడు.

బి షిఫ్టు బాబాయ్ | 3:52

కొట్టు మళ్ళీ పెట్టుకున్నారా?

పెందుర్తి లెఫ్ట్ బ్యాక్ | 3:58

బండి మీద. మా వీధి మొదట్లోనే, సాయంత్రం ఆరు నుంచి. అమ్మ పెసరట్టు వేస్తుంది, నేను చట్నీ.

వన్‌టౌన్ వింగర్ | 4:03

వచ్చే ఆదివారం చెల్సీతో. మళ్ళీ రాత్రి తొమ్మిదికే. బండి దగ్గర ఏడున్నరకి కలుద్దామా? లొకేషన్ పెట్టన్నా.

సీతమ్మధార సిక్స్ | 4:11

నాకు ఆదివారం డ్యూటీ ఎనిమిదికి దిగుతుంది. రెండు పెసరట్లు పక్కన పెట్టించండి. బాబాయ్ గారూ, పూర్తి స్టాండ్ తెరిచిన తేదీ దొరికితే ప్రింటు తీసి తెస్తాను.