కొత్త కుందేలు: ముందు కంచెలో పెట్టాలా, ఇల్లంతా వదిలేయాలా?

బొల్లిచెవులు:
మూడు నెలల ఆడ కుందేలు వచ్చే ఆదివారం మా ఇంటికి వస్తోంది. కూకట్‌పల్లిలో రెండు పడగ్గదుల ఫ్లాటు, అంతా టైల్సే, ఒక బాల్కనీ. జాలీ అడుగున్న పంజరం కొనకూడదని ముందే తేల్చుకున్నాం. తేలనిది ఒక్కటే. మొదటి రోజు నుంచి ఇల్లంతా వదిలినా ఉచ్చ, పెంటికలు ఒకచోటే వేయడం నేర్చుకుంటుందా? లేక కొన్నాళ్లు కంచె కట్టి అందులోనే ఉంచాలా?

గరికపోచ:
కంచె. ఇందులో రెండో మాట లేదు.

కుందేలు ఉచ్చకు పెట్టే ట్రేని గుర్తుపెట్టుకోదు, మూలని గుర్తుపెట్టుకుంటుంది. నచ్చిన మూల ఎంచుకుని అక్కడే ఉచ్చ పోసుకోవడం దాని పుట్టు గుణం. ఇల్లంతా వదిలితే సోఫా వెనక, మంచం కింద, బీరువా పక్కన, ఎన్ని మూలలో అన్నీ దొరుకుతాయి. కంచెలో దొరికేవి నాలుగే.

రెండడుగుల వెడల్పు పలకలు ఎనిమిది ఉన్న ప్లేపెన్, అంటే మడిచే కంచె, తీసుకోండి. నాలుగడుగులకు నాలుగడుగుల చోటు వస్తుంది. ఎత్తు మూడడుగులు ఉండాలి, రెండడుగులది ఒక్క గంతులో దాటేస్తుంది. కింద జంపఖానా పరచండి. కుందేలు అరికాళ్లకు కుక్కలాగా మెత్తలు ఉండవు, ఉన్నది బొచ్చే, అందుకే టైల్స్ మీద కాళ్లు జారిపోతాయి.

పిల్లులకు అమ్మే చిన్న ట్రే వద్దు. అడుగున్నర పొడవు, అడుగుకు పైగా వెడల్పు ఉన్న ప్లాస్టిక్ టబ్బు కావాలి, అందులో కుందేలు వెనక్కి తిరగగలగాలి. ఎక్కే వైపు అంచు నాలుగంగుళాలు దాటొద్దు. అడుగున కాగితం పెల్లెట్లు ఒక అంగుళం, అవి దొరక్కపోతే న్యూస్‌పేపరు మందంగా. దాని మీద ఒక చివర ఎండుగడ్డి బాగా వేయండి. కుందేలు తింటూనే పెంటికలు వేస్తుంది కాబట్టి గడ్డి ఉండాల్సింది ట్రేలోనే. బయట పడ్డ పెంటికలు ఏరి ట్రేలో వేయండి, ఉచ్చను టిష్యూతో అద్ది ఆ టిష్యూ కూడా అందులోనే పెట్టండి. ట్రే వదిలి వేరే మూలలో పోస్తుంటే దాన్ని పోట్లాడి మార్చొద్దు, ట్రేనే ఆ మూలకు జరపండి. మరక పడ్డ చోట తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి తుడిస్తే వాసన, సున్నపు మచ్చ రెండూ పోతాయి.

ఉచ్చ ట్రేలో తప్ప ఇంకెక్కడా పడని వారం ఒకటి గడిచాక, మీరు దగ్గర ఉన్నప్పుడు ఒక్క గదిలోకి తెరవండి. అక్కడా కుదిరాకే రెండో గది.

మేడమీద:
తడిస్తే గడ్డకట్టే పిల్లుల ఇసుక మాత్రం వాడొద్దు. కుందేలు నమిలితే పొట్టలో అడ్డం పడుతుంది. దేవదారు రంపపు పొట్టు కూడా వద్దు, ఆ ఘాటు కాలేయానికి మంచిది కాదు.

ఉప్పుగాలి:
గరికపోచ గారూ, పంజరం వద్దన్న మనిషికి మీరు పైకప్పు లేని పంజరం చెప్తున్నారు. బ్రిటన్‌లోని కుందేళ్ల సంక్షేమ సంస్థ ఒక జతకు మూడు మీటర్లకు రెండు మీటర్ల చోటు, మీటరు ఎత్తు, ఎప్పుడూ అందుబాటులో ఉండాలంటుంది. మీ కంచె అందులో నాలుగో వంతు. మూడు నెలల పిల్ల పొద్దున్నా సాయంత్రమూ పరిగెత్తాలి, గాల్లో మెలికలు తిరగాలి. అది లేకపోతే పలకలు కొరుకుతుంది, ట్రే తిరగేస్తుంది. అప్పుడు అది మొండిదంటారు.

కంచె బదులు ఒక గది చాలు. ఆ గదిలో కరెంటు వైర్లన్నీ పీవీసీ కేసింగ్‌లో వేయండి లేదా మూడడుగుల పైకి కట్టండి. ఫోన్ ఛార్జర్ వైరు దానికి ఒక్క కొరుకు. మంచం కింద అట్టలతో మూసేయండి. రెండు ట్రేలు ఎదురెదురు మూలల్లో పెట్టండి, నాలుగైదు రోజుల్లో ఏది వాడుతుందో తెలుస్తుంది.

ట్రేలో గడ్డి వేయమన్నది కూడా సరి కాదు. ఉచ్చ తడిసిన గడ్డి బూజు పడుతుంది, అదే తింటుంది. గడ్డి బుట్టను ట్రే పైన గోడకు తగిలించండి, ట్రేలో కూర్చుని తల ఎత్తితే అందేలా.

గరికపోచ:
బుట్ట తగిలిస్తే కంతల్లోంచి లాగి తింటుంది, సగం గడ్డి కింద పోస్తుంది, ఆ కింద పడ్డది ట్రేలోనే పడుతుంది. తేడా ఏముంది? ఉచ్చ ఒక చివర, గడ్డి ఇంకో చివర ఉండేంత పొడుగు ట్రే పెట్టి రోజూ తడిసింది తీసేస్తే బూజు రాదు. కుందేలు తడిసిన గడ్డి తినదు, పొడిది ఏరుకుంటుంది.

ఉప్పుగాలి:
రోజూ తీసేవాళ్లు ఎందరు? మీరు రాసింది చదివి మూడు రోజులకోసారి మార్చేవాళ్లే ఎక్కువ. వానాకాలంలో తీర ప్రాంతంలో ఒక్క రాత్రికి గడ్డి మెత్తబడుతుంది. విశాఖలో పనికొచ్చేది హైదరాబాదులో పనికొస్తుంది, హైదరాబాదులో పనికొచ్చేది విశాఖలో పనికిరాదు.

జొన్నచేను:
మీరిద్దరు గడ్డి కాడనే ఆగిర్రు. ఎండల ముచ్చట ఎవ్వరు చెప్తలేరు. కుందేలుకు చెమట పట్టదు, వేడి చెవుల నుంచే పోవాలె. గది ముప్పై డిగ్రీలు దాటితే తిప్పలు మొదలైతది. మే నెలల బాల్కనీల పెడితే సచ్చిపోతది. కంచె అయినా గది అయినా ఉత్తరం దిక్కు, చల్లగున్న జాగల పెట్టుర్రి. నీళ్ల సీసాని ఫ్రీజర్ల గడ్డకట్టించి గుడ్డ సుట్టి పక్కన పెట్టుర్రి, తడిగుడ్డతోని చెవులు తుడువుర్రి. నీళ్లల్ల ముంచుడు మాత్రం వద్దు, భయానికి గుండె ఆగుతది.

బొల్లిచెవులు:
బాల్కనీ ఆలోచన మానేశాం. తిండి గురించి కూడా చెప్తారా? కుందేళ్లకు వేసే టిమోతి అనే ఎండుగడ్డి ధర చాలా ఎక్కువగా ఉంది.

మేడమీద:
ఆరు నెలల లోపు కాబట్టి లూసర్న్ గడ్డి ఇవ్వొచ్చు. తర్వాత మానేయండి, అందులో సున్నం ఎక్కువ, మూత్రాశయంలో బురదలా చేరుతుంది. పెద్దయ్యాక టిమోతికి బదులు ఎండిన రోడ్స్ గడ్డి, మందు కొట్టని చోట కోసిన గరిక. వరిగడ్డిలో సత్తువ లేదు, ట్రేలో పరుపుగా పనికొస్తుంది. దాణా పెద్దదానికి కిలో బరువుకు రోజుకు పాతిక గ్రాములు చాలు. కొత్తిమీర, పుదీనా, మెంతికూర ఒక్కొక్కటే కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. అన్నం, బిస్కెట్, బ్రెడ్ ఏవీ వద్దు.

గరికపోచ:
ఆ దాణాతోనే శిక్షణ ఇవ్వాలి. రెండు పూటలా దాణా కంచెలోనే వేయండి, వేసే ముందు డబ్బా ఒకే రకంగా ఆడించండి. వారంలో ఆ చప్పుడుకే పరిగెత్తుకొస్తుంది. బయట తిరిగే కుందేల్ని వెనక్కి తేవడానికి తరమాల్సిన పనిలేదు. తరిమి పట్టుకుంటే వేటాడుతున్నారనే అనుకుంటుంది, తర్వాత వారాలపాటు దగ్గరకు రాదు. ఎత్తక తప్పకపోతే ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద. వెనక భాగం వేలాడితే తన్నుకుంటుంది, ఆ తన్నుకు దాని వెన్నెముకే విరగొచ్చు. చెవులు పట్టి ఎత్తడం అసలే కూడదు.

ఇల్లంతా వదిలేసిన కుందేలుకు ఈ అలవాటు ఎలా నేర్పుతారో ఉప్పుగాలి గారు చెప్పాలి. తిరిగి రావడానికి దానికంటూ ఒక చోటే ఉండదు కదా.

ఉప్పుగాలి:
గది దాని చోటే. నేల మీద కూర్చోండి, అదే వచ్చి వాసన చూస్తుంది. ఒక కర్ర ముందు పెట్టండి, దాని చివర ముక్కుతో తాకితే కొత్తిమీర ఆకు ఒకటి ఇవ్వండి. రెండు మూడు నిమిషాలు మించొద్దు. ఇలా పిలిస్తే రావడం, బయటికి తీసుకెళ్లే బుట్టలోకి ఎక్కడం కూడా నేర్పొచ్చు. కంచె లేకుండా శిక్షణ ఉండదనడం కంచెలు అమ్మేవాళ్ల మాట.

గరికపోచ:
నేనేమీ అమ్మడం లేదు, ఆ మాట వెనక్కి తీసుకోండి. వదిలేయండి, వదిలేయండి అని చెప్పి పోయేవాళ్ల వల్లే ఐదో నెలలో పరుపులు తడిపిందని కుందేళ్లను పార్కుల్లో వదిలేస్తున్నారు. పెంపుడు కుందేలు మన అడవి చెవులపిల్లి కాదు, బయట ఒక్క రోజు బతకదు, కుక్కల పాలవుతుంది.

ఉప్పుగాలి:
వదిలేసేవాళ్లు కంచె ఉన్నా వదిలేస్తారు. తప్పు కుందేలుదైనట్టు దాన్ని బంధించడమే మీకు తెలిసిన పరిష్కారం.

నిర్వాహకులు:
ఇద్దరూ మనుషుల మీదికి వెళ్లకుండా విషయం మీద రాయండి.

తెల్లకోటు:
పశువైద్యం చదువుతున్నాను. మీరిద్దరూ మూడు నెలల పిల్ల గురించి పోట్లాడుతున్నారు. అది నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఈడుకొస్తుంది. అంతదాకా ట్రే చక్కగా వాడింది కూడా అప్పుడు పరుపు మీద ఉచ్చ పోస్తుంది, దారిపొడుగునా పెంటికలు చల్లుతుంది, కాళ్ల చుట్టూ తిరుగుతూ గురగురలాడుతుంది. అది మర్చిపోవడం కాదు, ఈ చోటు నాదని గుర్తు వేయడం. కంచె దాన్ని ఒకచోటికి కుదిస్తుంది, ఆపలేదు. గది కూడా ఆపలేదు. ఆపేది గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషనే.

గరికపోచ:
నేను చెప్పదలచింది కూడా అదే. ఆపరేషన్ అయ్యేదాకా కంచె, అయ్యాక ఇల్లంతా. ఆపరేషన్ చేయించే ఉద్దేశం లేనివాళ్లు ఆడ కుందేల్ని తెచ్చుకోకూడదు. నాలుగేళ్లు దాటాక ఆపరేషన్ కాని ఆడ కుందేళ్లలో గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ, కొన్ని జాతుల్లో సగానికి పైగా.

ఉప్పుగాలి:
ఇప్పుడు బయటపడింది అసలు సంగతి. మీ కంచెకు ముగింపు ఆపరేషన్. అది హైదరాబాదు వాళ్లకు చెప్పండి. జిల్లాల్లో కుందేలుకు మత్తిచ్చిన అనుభవం ఉన్న డాక్టరు ఎక్కడున్నారు? మా దగ్గర ఒకచోట అడిగితే రాత్రి నుంచి తిండి ఆపి తీసుకురమ్మన్నారు. కుందేలు వాంతి చేసుకోలేదు, దానికి తిండి ఆపకూడదు, ఆపితే పేగు కదలడమే ఆగిపోతుంది. ఆ సంగతి తెలియని చేతికి ఆరోగ్యంగా ఉన్న కుందేల్ని ఎలా ఇస్తాం? ఆపరేషన్ లేకుండా ఏడెనిమిదేళ్లు కంచెలో ఉంచాలా? అందుకే గది అంటున్నాను.

తెల్లకోటు:
ఉప్పుగాలి గారి భయం ఊరికే పుట్టింది కాదు. బ్రిటన్‌లో 2002-2004 మధ్య జరిగిన పెద్ద సర్వేలో మత్తు కారణంగా చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం, కుందేళ్లలో 1.39 శాతం. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లను మాత్రమే తీసుకుంటే 0.73. ఎక్కువ చావులు బల్ల మీద కాదు, ఆపరేషన్ తర్వాతి గంటల్లో జరిగాయి. కాబట్టి డాక్టర్ని ఈ ప్రశ్నలు అడగండి. తిండి ఆపాలా? ఆపమంటే వెనక్కి వచ్చేయండి. ఐసోఫ్లురేన్ అనే మత్తు గ్యాస్ ఉందా? మెలకువ వచ్చేదాకా ఒంటి వేడి ఎలా నిలబెడతారు? ఇంటికి నొప్పి మందు ఇస్తారా? నోటితో ఇచ్చే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఒప్పుకోకండి, పొట్టలోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదికొస్తుంది. ఫిప్రోనిల్ ఉన్న గోమార్ల చుక్కలు కూడా కుందేలుకు విషమే. ఆపరేషన్ అయ్యాక పన్నెండు గంటల్లో తినకపోయినా, పెంటికలు వేయకపోయినా ఆ రాత్రే తీసుకెళ్లాలి.

ఉప్పుగాలి:
ఈ ప్రశ్నలకు సరైన జవాబు దొరికిన ఊళ్లో చేయించనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. దొరకని ఊళ్లో పడగ్గది తలుపు మూయండి, పరుపుకు తడి దిగని కవరు వేయండి, ఏడాదికి రెండుసార్లు డాక్టరుతో పొట్ట తడిమించండి, ఉచ్చలో నెత్తురు చుక్కలు కనిపిస్తే ఆగకండి.

గరికపోచ:
నెత్తురు కనిపించేసరికి గడ్డ ముదిరి ఉంటుంది. ఊరు చిన్నదైతే పెద్ద ఊరికి తీసుకెళ్లాలి. అది కుదరదంటే మగదాన్ని తెచ్చుకోండి, దాని ఆపరేషన్ చిన్నది. ఈ విషయంలో నా మాట మారదు.

జొన్నచేను:
ఆరు గంటల బస్సుల కుందేల్ని తీసుకపోవుడు కూడ అలకగ కాదన్న.

బొల్లిచెవులు:
మేం ఉన్నది హైదరాబాదు కాబట్టి తెల్లకోటు గారి ప్రశ్నలు పట్టుకుని ఈ వారమే ముగ్గురు నలుగురు డాక్టర్లను అడుగుతాం. కంచె పెడతాం, పలకలు ఇంకో నాలుగు కలిపి ఆరడుగులకు ఆరడుగులు చేస్తాం. పొద్దున, సాయంత్రం హాల్లో వదులుతాం. కంచె హాల్లో టీవీ వైపు పెట్టాలా, వంటింటి గోడ వైపా?

గరికపోచ:
వంటింటి గోడ వద్దు. మిక్సీ, కుక్కర్ చప్పుళ్లకు కాళ్లు నేలకేసి కొడుతుంది, తిండి మానేస్తుంది. టీవీ వైపు పెట్టి శబ్దం తగ్గించండి, రెండు వైపులా గోడ ఉండే మూల అయితే మంచిది. గడ్డి ట్రేలోనే.

ఉప్పుగాలి:
మూల మంచిదే. టీవీ వెనక వైర్లకు ముందు కేసింగ్ వేయించండి, గడ్డి బుట్ట గోడకు తగిలించండి.