అప్‌డేట్: బీఎస్సీ అయ్యాక నేరుగా ఎంబీఏలో చేరాను

బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) అయిపోయింది, ఉద్యోగ అనుభవం లేదు, వెంటనే ఎంబీఏ చేయొచ్చా లేక రెండేళ్లు పని చేశాకా అని ఏడాదిన్నర కిందట అడిగాను కదా. చేరిపోయాను.

ఎంబీఏ ప్రవేశ పరీక్ష అయిన తెలంగాణ ఐసెట్‌కు అనుభవం అడగరు. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి తెలియనివీ వదల్లేదు. ఇంటర్ బైపీసీ కావడంతో లెక్కల కోసం పదో తరగతి పుస్తకం మళ్లీ తీశాను, శాతాలు, నిష్పత్తులు దాంతోనే కుదిరాయి.

అసలు కష్టం అకౌంట్స్‌తో మొదలైంది. బీకాం వాళ్లు చకచకా రాసేస్తుంటే నాకు మొదటి ట్రయల్ బ్యాలెన్స్‌లో (డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిపోయాయా అని చూసే పట్టిక) 900 తేడా, రాత్రి పదకొండున్నర దాకా వెతికితే తేలిందేమిటంటే డెబిట్‌లో వేయాల్సిన 450 క్రెడిట్‌లో వేశాను, అందుకే తేడా రెట్టింపైంది. ఏడుపొచ్చింది, కానీ ఆ తప్పు మళ్లీ చేయలేదు.

అనుభవం లేని లోటు నిజమే, దాచను. ఉద్యోగం చేసి వచ్చిన వాళ్లు క్లాసులో టార్గెట్లు, స్టాకు గురించి కళ్లతో చూసినట్టు మాట్లాడతారు. అందుకే సెలవుల్లో రెండు నెలలు ఒక మందుల హోల్‌సేల్ షాపులో పనిచేశాను. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ డబ్బాలు వేరు చేస్తూ కూర్చున్నప్పుడే స్టాకులో డబ్బు ఎలా ఇరుక్కుంటుందో అర్థమైంది, అక్కడ నా కెమిస్ట్రీ కూడా అక్కరకొచ్చింది. రెండో ఏడాదికి మార్కెటింగ్ తీసుకున్నాను, ఫార్మా వైపే ప్రయత్నిస్తాను.